పుస్తక సమీక్ష రాసి తోటి పాఠకులతో పంచుకోవడం ఎలా: చదివేటప్పుడు పెట్టే పెన్సిల్ గీత నుంచి ఆఖరి జవాబు దాకా

"పుస్తకం బాగా నచ్చింది. రాద్దామని కూర్చుంటే రెండు లైన్లకు మించి రావట్లేదు." ఈ మాట చాలామంది అడుగుతున్నారు. ఇంకొందరి బాధ వేరు: "రెండు పేజీలు రాశాను. అందరూ లైక్ కొట్టారు గానీ ఒక్కరూ ఆ పుస్తకం పట్టుకోలేదు." మూడో రకం వాళ్ళది అసలైన టెన్షన్: "రచయిత మా గ్రూపులోనే ఉన్నారు. నచ్చలేదని ఎలా రాయను?"

ఈ మూడింటికీ నేను వాడే మందు ఒకటే. ఆ పుస్తకం ఇంకా చదవని ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ఊహించుకుని రాస్తాను. ఆ మనిషికి మన తీర్పుతో పెద్దగా పని లేదు. ఆ పుస్తకం తనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి కాస్త సరుకు కావాలి, అంతే. కింద చెప్పే పనులన్నీ ఆ సరుకు పోగుచేసి, శుభ్రం చేసి, అందించడానికే.

1. రాసేది ఏమిటో ముందే తేల్చుకోండి

పరిచయం, సమీక్ష, విమర్శ. ఈ మూడు మాటలనూ మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. రాసేటప్పుడు మాత్రం తేడా తెలిసి ఉండాలి.

పరిచయం అంటే ఇలాంటి పుస్తకం ఒకటి ఉంది, ఇందులో ఇది ఉంది అని చెప్పడం. సమీక్ష అంటే అది ఎలా ఉంది, ఎందుకలా అనిపించింది అని కూడా చెప్పడం. విమర్శ ఆ పుస్తకాన్ని చదివేసినవాళ్ళతో జరిపే సంభాషణ. అందులో ముగింపు గురించి కూడా విప్పి మాట్లాడుకోవచ్చు.

పాఠకుల గుంపులో ఎక్కువగా అవసరమయ్యేది మధ్యది. రాయడం మొదలుపెట్టి విమర్శలోకి జారిపోతే, చదవనివాళ్ళు రెండో పేరా దగ్గరే దిగిపోతారు. పరిచయం దగ్గరే ఆగిపోతే అట్ట వెనుక మాటలకూ మన మాటలకూ తేడా ఉండదు.

2. చదివేటప్పుడే గుర్తులు పెట్టుకోండి

రెండు లైన్లకు మించి రాకపోవడానికి కారణం భాష రాకపోవడం కాదు, చేతిలో ఏమీ లేకపోవడం. పుస్తకం మూసిన వారానికి మనకు మిగిలేది "బాగుంది" అన్న రుచి ఒక్కటే. ఆ రుచి ఏ పేజీలో మొదలైందో గుర్తుండదు. కాబట్టి సమీక్షలో సగం పని చదువుతుండగానే అయిపోవాలి.

దీనికి పెద్ద నోటు పుస్తకం అక్కర్లేదు. సొంత పుస్తకమైతే అంచున సన్నటి పెన్సిల్ గీత చాలు. అరువు తెచ్చుకున్నదైతే ఒక చీటీ మడిచి లోపల పెట్టుకుని దాని మీద పేజీ నంబరు, రెండు మాటలు రాసుకోండి. నేను నాలుగు గుర్తులే వాడతాను:

- నిలువు గీత: ఇక్కడ ఆగిపోయాను, మళ్ళీ చదివాను.
- ప్రశ్న గుర్తు: అర్థం కాలేదు, లేదా నమ్మబుద్ధి కాలేదు.
- సున్నా: విసుగొచ్చింది, పేజీలు తిప్పేశాను.
- బాణం: ముందెక్కడో వచ్చిన విషయానికి ఇది ముడిపడుతోంది.

అన్నిటికంటే విలువైనది సున్నా. ఎక్కడ విసుగొచ్చిందో చెప్పగలిగిన సమీక్షను జనం నమ్ముతారు. చదవడం పూర్తయ్యాక ఆ విసుగును మనమే మర్చిపోతాం, ఎందుకంటే ముగింపు బాగుంటే మధ్యలో పడ్డ తిప్పలు గుర్తుకు రావు.

ఫోన్‌లోనో ఈ-బుక్ రీడర్‌లోనో చదివేవాళ్ళు హైలైట్ చేసి వదిలేస్తారు. ఎందుకు చేశారో ఒక్క మాట కూడా జత చేయండి. ఉత్త హైలైట్లు నలభై పోగైతే తర్వాత అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. అక్షరాల సైజు మారితే తెర మీద పేజీ కూడా మారిపోతుంది. అందుకని పేజీ నంబరు కాకుండా అధ్యాయం పేరో సంఖ్యో రాసుకోవడం మేలు.

గుర్తులు మరీ ఎక్కువైతే చదవడం పాడవుతుంది. మూడు వందల పేజీల పుస్తకానికి పదిహేను, ఇరవై గుర్తులు ఉంటే సమీక్షకు సరిపడా దొరికినట్టే.

3. పుస్తకం మూశాక ఒక రోజు ఆగండి

ఆఖరి పేజీ చదివిన ఊపులో రాస్తే రెండు ప్రమాదాలు. నచ్చితే విశేషణాలు వరదలా వచ్చేస్తాయి. నచ్చకపోతే వెటకారం వచ్చేస్తుంది. ఒక రాత్రి గడవనివ్వండి. వారం మాత్రం దాటనివ్వకండి.

మర్నాడు పుస్తకం తెరవకుండా ఒక్క వాక్యం రాయండి: "ఈ పుస్తకం నాతో ఏం చేసింది?" సమాధానం "చాలా బాగుంది" అయితే కొట్టేసి మళ్ళీ రాయండి. "మొదటి యాభై పేజీల్లో అసహ్యించుకున్న మనిషి మీద చివరికి జాలి కలిగేలా చేసింది" లాంటి వాక్యం వచ్చేదాకా ప్రయత్నించండి. మీ సమీక్షకు వెన్నెముక అదే. తర్వాత రాసే ప్రతి పేరా ఆ వాక్యాన్ని నిలబెట్టాలి, లేదా దానితో పేచీ పెట్టుకోవాలి. రెండూ చేయని పేరా ఎంత అందంగా వచ్చినా తీసేయండి.

4. పుస్తకం వివరాలు సరిచూసుకోండి

చిన్న పనే, కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వివరాలను గుర్తున్నంతవరకు రాసేయకుండా, లోపలి టైటిల్ పేజీ, దాని వెనుక పేజీ చూసి రాయండి.

- పుస్తకం పేరు, ఉపశీర్షిక ఉంటే అదీ
- రచయిత పేరు, పుస్తకంలో అచ్చయిన తీరులోనే
- అనువాదమైతే అనువాదకుల పేరు, మూల భాష
- సంకలనమైతే సంపాదకుల పేరు
- ప్రచురణకర్త, మీరు చదివిన ముద్రణ సంవత్సరం
- పేజీల సంఖ్య
- ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టడానికి దాని మీద అచ్చువేసే సంఖ్య) ఉంటే అది

ఐఎస్‌బీఎన్ ఎందుకంటారా? ఒకే పేరుతో రెండు మూడు పుస్తకాలు ఉంటాయి, ఒకే పుస్తకానికి పాత కొత్త రూపాలు ఉంటాయి. ఈ సంఖ్య వాటిని విడదీస్తుంది. 2007 నుంచి ఇది 13 అంకెలు, 978తో గానీ 979తో గానీ మొదలవుతుంది. అంతకుముందు అచ్చయిన వాటి మీద 10 అంకెలే ఉంటాయి. గట్టి అట్ట, మెత్తటి అట్ట, ఈ-బుక్, అనువాదం, దేనికది వేరే సంఖ్య. సంఖ్యే లేని పాత పుస్తకాలకు ముద్రణ సంవత్సరం తప్పకుండా ఇవ్వండి.

అనువాదకుల పేరు గురించి ఒక ముచ్చట. ఒకసారి నేను ఓ నవలలో భాష గురించి పేరా నిండా పొగిడాను. వాక్యాల నడక, పలుకుబడి, అన్నీ మెచ్చుకున్నాను. అది అనువాదం. అనువాదకుల పేరు ఎక్కడా రాయలేదు. ఆయన ఆ గుంపులోనే ఉన్నారు. కింద ఒక చిన్న నవ్వు బొమ్మ మాత్రం పెట్టారు. నేను పొగిడిన ప్రతి వాక్యమూ ఆయన రాసిందేనని అప్పుడు తట్టింది. అప్పటినుంచి వివరాల భాగం ముందు పూర్తిచేసి, తర్వాతే మొదటి వాక్యం మొదలుపెడుతున్నాను.

5. సమీక్ష రాసే వరుస

ఇదే అసలు పని కాబట్టి ఉదాహరణతో చూద్దాం. ఒక నవల ఉందనుకోండి. తండ్రి పోయాక ముగ్గురు పిల్లలు ఇల్లు అమ్మాలా వద్దా అని మాట్లాడుకోవడం దాని కథ. ఊహించుకున్న నవలే, వెతక్కండి. మామూలుగా మనం రాసే సమీక్ష ఇలా ఉంటుంది:

"ఈ నవల చాలా బాగుంది. రచయిత చక్కటి శైలిలో రాశారు. పాత్రలు సజీవంగా ఉన్నాయి. చివర్లో కళ్ళు చెమర్చాయి. ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ ఐదు వాక్యాలను ఏ నవల కింద అతికించినా సరిపోతాయి. చిక్కంతా అదే. ఇప్పుడు పెన్సిల్ గుర్తులు దగ్గర పెట్టుకుని రాస్తే:

"తండ్రి పోయిన కొద్ది రోజులకు ముగ్గురు పిల్లలు ఇంటి సంగతి తేల్చుకోవడానికి కూర్చుంటారు. నవల మొత్తం ఆ ఒక్క రాత్రే. ఎవరూ గొంతు పెంచరు. పెద్దవాడు ప్రతి మాటనూ 'నాన్న ఉంటే' అని మొదలుపెడతాడు. ఆఖరిదాకా తండ్రి దగ్గరుండి చూసుకున్న చిన్నమ్మాయి మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా అనదు. ఈ సంగతి నేను నూరో పేజీ దాటాక గానీ గమనించలేదు. గమనించాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. మధ్యలో ఇంటి కాగితాల చరిత్ర నలభై పేజీలు నడుస్తుంది, అక్కడ విసుగొచ్చింది. సంఘటనలు చకచకా జరగాలనుకునేవాళ్ళకు ఇది పడదు. ఒకే గదిలో కూర్చున్న మనుషులు అనని మాటలు వినడం ఇష్టమైతే తీసుకోండి."

రెండోది మరీ పొడవు కాదు. తేడా ఎక్కడుందో చూడండి. మొదటి రెండు వాక్యాల్లో కథ ఎక్కడ మొదలవుతుందో, ఎంత కాలంలో నడుస్తుందో తెలిసిపోయింది. "పాత్రలు సజీవంగా ఉన్నాయి" అనకుండానే ఒకడు అనే మాట, ఒకామె అనని మాట చూపించాం. "నూరో పేజీ దాటాక" అన్నది పాఠకుడిగా మన వాంగ్మూలం. విసుగు ఎక్కడొచ్చిందో చెప్పాం. ఎవరికి పడదో, ఎవరికి నచ్చుతుందో చెప్పాం.

ఈ వరుస చాలా పుస్తకాలకు పనికొస్తుంది:

1. పుస్తకం ఎక్కడ మొదలవుతుంది, దేని గురించి (రెండు మూడు వాక్యాలు)
2. మీకు పట్టుకున్న ఒక్క విషయం, దానికి పుస్తకంలోంచి ఒక ఆనవాలు
3. రచన తీరు: భాష, నడక, కథ చెప్పేదెవరు
4. ఇబ్బంది పెట్టింది ఏమిటి, ఎక్కడ
5. ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చకపోవచ్చు

రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఉండండి. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఒక్క విషయాన్ని దగ్గర నుంచి చూపిస్తే చదివేవాళ్ళకు పుస్తకం గాలి తగులుతుంది. పది విషయాలు తడిమితే ఒక్కటీ అంటుకోదు.

నవల కాకపోతే చిన్న మార్పులు చేసుకోవాలి. కథల సంకలనానికి ఒక్కో కథకూ ఒక్కో వాక్యం చొప్పున రాస్తే అది విషయసూచికలా తయారవుతుంది. బాగా నచ్చినవి రెండు, తేలిపోయింది ఒకటి తీసుకుని వాటి గురించే రాయండి. మొత్తం సంకలనంలో కనిపించే పోకడ ఒకటి చెప్పండి. కవిత్వానికి భావం విప్పి చెప్పడం కంటే రెండు పాదాలు ఎత్తిచూపి అవి మిమ్మల్ని ఎందుకు ఆపాయో చెబితే చాలు. చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్ర లాంటివైతే రచయిత ఆధారాలు చూపించారా, ఆ విషయం కొత్తవాళ్ళకు అర్థమవుతుందా, చివర పదసూచిక ఉందా అన్నవి తప్పకుండా చెప్పండి. మీకు బాగా తెలిసిన ఒక చిన్న విషయాన్ని ఆ పుస్తకంలో వెతికి, సరిగ్గా రాశారో లేదో చూడండి. మిగతాదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో దాంతో ఓ అంచనా వస్తుంది.

6. కథ ఎంతవరకు చెప్పాలి?

నా లెక్క ఇది: పుస్తకంలో మొదటి పాతిక శాతంలో జరిగేది చెప్పొచ్చు. ఆ తర్వాతి సంఘటనలు చెప్పాలంటే దానికి కారణం ఉండాలి. చివరి పాతిక శాతం జోలికి వెళ్ళకూడదు.

2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్ళే కథను కాస్త ఎక్కువ ఆస్వాదించారని అందులో తేలింది. ఆ తర్వాతి అధ్యయనాల్లో దీనికి వ్యతిరేకమైన ఫలితాలు కూడా వచ్చాయి. నా ఉద్దేశంలో ఈ చర్చ మనకు అనవసరం. ముగింపు ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది చదవబోయే మనిషి నిర్ణయం, మనది కాదు.

ముగింపు ప్రస్తావన లేకుండా మీ అసలు మాట చెప్పలేకపోతే ఇలా చేయండి:

- సమీక్షను రెండు భాగాలు చేయండి. మొదటి భాగం చదవనివాళ్ళకు.
- "ఇక్కడి నుంచి కథ ముగింపు గురించి ఉంది" అని విడి లైనులో రాయండి.
- టెలిగ్రామ్ లాంటి చోట అక్షరాలను దాచిపెట్టి, తాకితేనే కనిపించేలా చేసే స్పాయిలర్ సదుపాయం ఉంది. వాడుకోండి.
- అది లేనిచోట ముగింపు భాగాన్ని కింద మొదటి వ్యాఖ్యగా వేయండి.

ఒక్క హెచ్చరిక. "చివర్లో వచ్చే మలుపు ఊహించలేరు" అని రాయడం కూడా సగం కథ చెప్పేయడమే. మలుపు ఉందని తెలిసినవాడు దాని కోసం కాపుకాస్తూ చదువుతాడు.

7. పుస్తకంలోని వాక్యాలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు

సమీక్ష కోసం కొన్ని వాక్యాలు ఎత్తి చూపడం తప్పు కాదు. రచనల హక్కులకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం బెర్న్ కన్వెన్షన్, దాని 10వ అధికరణ ఇందుకు వీలు కల్పిస్తుంది. షరతులు కూడా పెట్టింది: అవసరమైనంత మేరకే, న్యాయమైన పద్ధతిలో, ఎక్కడిదో ఎవరిదో చెప్పి తీసుకోవాలి. ఇన్ని పదాలు అని లెక్కేమీ ఇవ్వలేదు. దేశాల చట్టాల్లో వివరాలు వేరువేరుగా ఉంటాయి.

నేను పాటించే కొలత: మొత్తం సమీక్షలో రెండు మూడు చోట్ల, చోటికి రెండు మూడు వాక్యాలు. ఎత్తిరాసిన ప్రతి ముక్క తర్వాత దాని గురించి నా మాట కనీసం ఒకటైనా ఉండాలి. ఉత్త వాక్యాలు వరుసగా పేర్చేస్తే అది సమీక్ష అనిపించుకోదు.

ఎత్తిరాసేటప్పుడు అక్షరం మార్చకండి. మాండలికంలో ఉన్నదాన్ని "సరిదిద్దడం" చాలామందికి తెలియకుండా జరిగిపోతుంది. ఫోన్ కీబోర్డు కూడా తన వంతు మార్చేస్తుంది. టైప్ చేశాక పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పదం పోల్చి చూడండి.

పేజీల ఫొటోలు పెట్టకండి. అట్ట ఫొటో చాలు. చిన్న కవితను మొత్తంగా దించేయడం కూడా ఇలాంటిదే. రెండు పాదాలు చూపించడం వేరు, కవిత మొత్తం పెట్టడం వేరు.

ఇక పీడీఎఫ్. ఎంత బాగా రాసినా కింద మొదటి వ్యాఖ్య "పీడీఎఫ్ ఉందా అండీ?" అనే వస్తుంది. విసుక్కోకండి, సమీక్షలోనే జవాబు పెట్టేయండి: పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉందా, ఏ ప్రచురణకర్త దగ్గర దొరుకుతుంది, అధికారికంగా ఈ-బుక్ ఉందా, గ్రంథాలయంలో ఉందా. ఆ ఒక్క లైను వల్ల అడిగేవాళ్ళు సగానికి సగం తగ్గుతారు. కాపీరైట్ ఉన్న పుస్తకం స్కాన్ అడిగితే "నా దగ్గర పుస్తకమే ఉంది" అని మర్యాదగా చెప్పి వదిలేయండి.

8. నచ్చని పుస్తకం, తెలిసిన రచయిత

నచ్చని పుస్తకం గురించి రాయకూడదని ఎక్కడా లేదు. రాస్తే రెండు ప్రశ్నలు వేసుకుని రాయండి. ఒకటి: రచయిత చేయాలనుకున్నది చేయలేకపోయారా, లేక నేను కోరుకున్నది చేయలేదా? హాస్య కథల్లో లోతు లేదని నిందిస్తే తప్పు మనది. రెండు: నేను మాట్లాడేది పుస్తకం గురించా, మనిషి గురించా?

"రచయితకు రాయడం రాదు" అనకండి. "మొదటి మూడు అధ్యాయాల్లో పదకొండు పాత్రలు వచ్చాయి, నాలుగో అధ్యాయంలో ఎవరెవరో గుర్తుపట్టలేకపోయాను" అనండి. రెండోదానికి కోపం తెచ్చుకోవడం కష్టం, ఎందుకంటే అది లెక్క. రచయిత కూడా వెళ్ళి చూసుకోగలరు.

రచయిత మీ గుంపులో ఉంటే, స్నేహితులైతే, పుస్తకం ఉచితంగా పంపి ఉంటే, ఆ ముక్క మొదటి పేరాలోనే చెప్పేయండి. "రచయిత నాకు తెలుసు, ఈ ప్రతి ఆయనే పంపారు." ఇంత చాలు. చివర్లో చెబితే దాచినట్టుంటుంది. అసలు చెప్పకపోతే, తర్వాత తెలిసినరోజు మీరు అంతకుముందు రాసిన సమీక్షలన్నిటి మీదా అనుమానం పడుతుంది. దగ్గరి బంధువుల పుస్తకమైతే సమీక్ష రాయకుండా "మా వాళ్ళ పుస్తకం వచ్చింది" అని చెప్పి ఊరుకోవడమే హాయి.

సగంలో వదిలేసిన పుస్తకం గురించి కూడా రాయొచ్చు. ఎక్కడ వదిలేశారో, ఎందుకో మొదటి లైనులో రాయాలి. నక్షత్రాల రేటింగ్ మాత్రం ఇవ్వకండి.

నచ్చలేదని రాసేముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి ఫిర్యాదుకూ పుస్తకంలో ఒక చోటు చూపించానా?
- అచ్చు తప్పులను రచయిత తప్పులుగా లెక్కేశానా?
- ఇందులో నచ్చినదేదైనా ఉండి కూడా చెప్పకుండా వదిలేశానా?
- రచయిత ఎదురుగా కూర్చుంటే ఇదే మాట ఇలాగే చదవగలనా?

9. అరిగిపోయిన మాటలు ఏరేయండి

రాసింది ఒకసారి చదివి ఈ మాటల కింద గీత గీయండి: ఏకబిగిన చదివించే, మనసును హత్తుకునే, కలం నుంచి జాలువారిన, గుండె బరువెక్కింది, తప్పక చదవాల్సిన, అద్భుతం.

ప్రతి గీత దగ్గరా "అంటే?" అని అడగండి. "ఏకబిగిన" అంటే? రాత్రి పదింటికి మొదలుపెట్టి రెండింటికి ముగించానా? అయితే ఆ మాటే రాయొచ్చు. "గుండె బరువెక్కింది" ఏ సన్నివేశం దగ్గర? దాన్ని చూపించలేకపోతే ఆ వాక్యం పోవాల్సిందే. అన్నీ తీసేశాక మిగిలేది నాలుగు వాక్యాలే అయితే కంగారు పడకండి. ఆ నాలుగే పంచుకోండి. ఇరవై వాక్యాల పొగడ్త కంటే అవే ఎక్కువ పనిచేస్తాయి.

10. పంచుకునే ముందు

ఫోన్‌లో మొదటి మూడు నాలుగు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. "మిత్రులందరికీ నమస్కారం, చాలా రోజుల తర్వాత ఒక మంచి పుస్తకం..." అని మొదలుపెడితే ఆ లైన్లన్నీ అయిపోయాయి. పుస్తకం పేరు, రచయిత పేరు పైన ఒక లైనులో పెట్టి, రెండో లైనులోనే మీ వెన్నెముక వాక్యాన్ని తీసుకురండి.

పేరాలు మూడు నాలుగు వాక్యాలకు మించనివ్వకండి. సమీక్షను బొమ్మగా చేసి పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. బొమ్మలోని అక్షరాలు వెతికితే సులువుగా దొరకవు, చూపు లేని పాఠకులు వాడే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివే సాధనం) చాలాసార్లు వాటిని చదవలేకపోతుంది. మామూలు యూనికోడ్ తెలుగులో టైప్ చేస్తే చాలు.

నక్షత్రాలు ఇచ్చే అలవాటుంటే మీ కొలబద్ద ఏమిటో చెప్పండి. పాఠకులు సమీక్షలు పెట్టే గుడ్‌రీడ్స్ సైట్‌లో రెండు నక్షత్రాలకు అర్థం "ఫర్వాలేదు", మూడుకు "నచ్చింది". మనలో చాలామందికి మూడంటే అత్తెసరు మార్కు. ఒకే మూడు నక్షత్రాలను ఒకరు మెప్పుగా, ఇంకొకరు తిట్టుగా చదువుకుంటారు.

ఆఖరి చూపు:

- పేర్లు, ముద్రణ వివరాలు పుస్తకం చూసి రాశాను
- ముగింపు బయటపడలేదు, లేదా హెచ్చరిక పెట్టాను
- ఎత్తిరాసిన వాక్యాలు అక్షరం తేడా లేకుండా ఉన్నాయి
- రచయితతో పరిచయం, ఉచిత ప్రతి సంగతి పైనే చెప్పాను
- పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఉంది
- ఒకసారి పైకి చదివాను

చివరిది దాటవేయకండి. పైకి చదివినప్పుడు ఊపిరి అందని వాక్యం చదివేవాళ్ళకూ అందదు.

11. పంచుకున్న తర్వాత

మొదటి రోజు వచ్చే వ్యాఖ్యలకు వీలైనంత వరకు జవాబివ్వండి. "ధన్యవాదాలు" అని పాతికసార్లు రాయడం కాదు. "నేను కూడా చదివాను" అన్నవాళ్ళను "మీకు మధ్య భాగం ఎలా అనిపించింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది. చదివినవాళ్ళు ఉత్సాహంలో ముగింపు చెప్పేస్తే, హెచ్చరిక జత చేయమనో విడిగా రాయమనో మెత్తగా చెప్పండి. సమీక్ష మీది కాబట్టి ఆ కాపలా కూడా మీదే.

ఎవరైనా విభేదిస్తే తీర్పు మీద వాదించకండి, పేజీ అడగండి. "మీకు అలా ఏ చోట అనిపించింది?" అంటే సగం గొడవలు అక్కడే చల్లబడతాయి. మిగతా సగంలో మీరు గమనించనిది ఏదో దొరుకుతుంది. రచయితే వచ్చి వివరణ ఇస్తే విని, కృతజ్ఞతలు చెప్పి, మీ మాట మార్చుకోవాలనిపిస్తేనే మార్చుకోండి. మొహమాటానికి మార్చకండి.

తప్పు చూపిస్తే, ముఖ్యంగా పేర్లు, సంవత్సరాలు, ఎవరు ఏం రాశారు లాంటివి, వెంటనే దిద్దండి. చడీచప్పుడు లేకుండా మార్చేయకుండా కింద "సవరణ: పాత్ర పేరు తప్పుగా రాశాను, సరిచేశాను" అని ఒక లైను వేయండి. లేకపోతే తప్పు చూపించినవాళ్ళ వ్యాఖ్య అర్థం లేనిదైపోతుంది.

రాసిన ప్రతిదీ మీ దగ్గర ఒక ఫైల్‌లో విడిగా దాచుకోండి, తేదీతో సహా. ఆర్నెల్ల తర్వాత ఎవరో "మీరు చెప్పారని ఆ పుస్తకం చదివాను, నాకు అస్సలు నచ్చలేదు" అంటారు. అప్పుడు ఆ ఫైల్ తెరిచి, "ఎవరికి నచ్చకపోవచ్చు" అని రాసిన వాక్యం చూడండి. ఆ మనిషి అందులో లేకపోతే ఇంకో వాక్యం చేర్చండి.